పదకొండు శాతం

చెంచురామయ్య నిజం చెబుతున్నంతసేపూ నిమిషానికి పదహారుసార్లు ఊపిరి తీసుకున్నాడు. ఇషాక్ పడిపోయిన వెంటనే 108కి ఫోన్ చేశామని చెప్పేటప్పుడు అది ఇరవైమూడుకి పెరిగింది.

సఫూరా ఆ తేడాని గడియారం చూడకుండానే పట్టుకుంది. చీరాలలో డిటెక్టివ్ ఆఫీసు తెరవకముందు ఆమె గుంటూరులో ఊపిరితిత్తుల పరీక్షలు చేసే ల్యాబులో పధ్నాలుగేళ్ళు టెక్నీషియన్‌గా పనిచేసింది. రోజుకి నలభైమంది ఛాతీల వంక చూస్తూ గడిపిన మనిషి. ఉద్యోగం మానేసినా ఆ చూపు పోలేదు.

"మీ ఫోన్ ఒకసారి ఇవ్వండి చెంచురామయ్య గారూ" అంది.

పెద్దాయన జేబు తడుముకున్నాడు. ఇవ్వక తప్పదని తెలిశాక ఇచ్చాడు. పోయిన మంగళవారం ఆయన చేసిన కాల్స్ ఇంకా అందులోనే ఉన్నాయి. మధ్యాహ్నం రెండూ ఇరవై నాలుగుకి 'డాక్టరమ్మ'. 108కి చేసింది రెండూ యాభై మూడుకి. మధ్యలో ఇరవై తొమ్మిది నిమిషాలు.

జరిగిందని అందరూ చెబుతున్నది ఇంతే. పర్చూరు శివార్లలో శివరామకృష్ణ అనే వ్యాపారికి మిర్చి గోడౌన్ ఉంది. విదేశాలకి పోయే సరుక్కి మందులు కొట్టకుండా పురుగుని చంపడానికి అక్కడ మూడు గదులు కట్టించాడు. తలుపులు బిగించి లోపలికి నైట్రోజన్ వదిలితే ఆక్సిజన్ తగ్గిపోయి పురుగు చస్తుంది. పనయ్యాక గదికి గాలి పట్టించి, తలుపు పక్కనున్న మీటరు పంతొమ్మిదిన్నర శాతం దాటాకే మనుషులు అడుగుపెట్టాలి. మంగళవారం ఆ మీటరు ఇరవై చూపించింది. మామూలు గాలికి దాదాపు సమానం. గోడౌన్ సూపర్‌వైజర్ ఇషాక్, హమాలీలు చెంచురామయ్య, ఆదాం ముగ్గురూ రెండూ పదికి మూడో నంబరు గదిలోకి వెళ్ళారు. హమాలీలిద్దరూ పది నిమిషాలకే బయటపడ్డారు. ఇషాక్ రాలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి. ఒంటిమీద గాయం లేదు, కడుపులో విషం లేదు. గుండెపోటు అని రాసి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దుర్గాప్రసాద్ ఫైలు మూసేశాడు.

ఇషాక్ భార్య సిద్దికా మాత్రం చీరాల వచ్చి సఫూరా ముందు కూర్చుని ఒక్కటే మాట అంది. "గదిలో ఫ్యాన్ ఆగితే గుమ్మంలోకి పోయి నిలబడే మనిషక్కా ఆయన. తోటివాళ్ళు ఆయాసంతో పారిపోతుంటే ఒక్కడే లోపల ఎట్టా ఉండగలిగాడు?"

ఆ ప్రశ్ననే సఫూరా ఇప్పుడు చెంచురామయ్య ముందు పెట్టింది.

"నాకూ అదే అంతుపట్టట్లేదమ్మా. లోనికి పోయిన కాసేపటికే నాకు కొండెక్కినట్టు రొప్పొచ్చింది. తల పగిలిపోయినంత పనైంది. ఆదాం వాంతి చేసుకున్నాడు. ఇషాక్ చూస్తేనేమో పెళ్ళికొచ్చినోడిలా తిరుగుతున్నాడు. ఏంది మామా, ఈ కాస్త ఘాటుకే ఇట్టా అయిపోయారు అని నవ్వాడు. మీరు పదండి, నేనొస్తా అన్నాడు. మొహంలో అలుపు లేదమ్మా. అదే నాకు భయమేసింది."

మిగతాదంతా అడగకుండానే చెప్పాడు. ఇషాక్‌కి గురక, రక్తపోటు ఉన్నాయి. రెండు నెలలుగా ఊళ్ళో నిద్ర క్లినిక్ నడిపే డాక్టర్ శిల్ప దగ్గర మాత్రలు వాడుతున్నాడు. ఇతనికి ఏమైనా అయితే ముందు నాకు ఫోన్ చేయండి, ఈ మందు సంగతి అంబులెన్సు వాళ్ళకి తెలియదు అని ఆవిడ గోడౌన్‌లో అందరికీ చెప్పి ఉంచింది. అందుకే, ఇషాక్ ఎంతకీ బయటికి రాకపోయేసరికి ఆవిడకి చేశాడు. తొమ్మిది నిమిషాల్లో కారులో వచ్చింది. హమాలీలిద్దర్నీ మొహాలు కడుక్కోమని పంపేసి గాలి ఫ్యాన్లు వేయించింది. కాసేపాగి తనొక్కతే లోపలికి వెళ్ళొచ్చి, ఇక 108కి చేయమంది.

సఫూరా బ్యాగులోంచి ఒక ఫోటో తీసింది. మార్చురీ దగ్గర సిద్దికా తమ్ముడు తీసింది. ఇషాక్ ఎడమ మణికట్టు చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున చర్మం తెల్లగా ఉంది. ఇషాక్ గడియారం రెండు నెలలుగా ఇంట్లోనే పడి ఉందని సిద్దికా చెప్పింది.

"ఇక్కడ ఏముండేది?"

"నల్ల పట్టీ. డాక్టరమ్మే పెట్టింది. ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటా ఉండేది. రగతంలో గాలి లెక్క చూసుద్దంట."

లోపలికి వెళ్ళేటప్పుడు ఉందా అని అడిగితే ఉందన్నాడు. శవాన్ని బయటికి మోసింది తనే కాబట్టి అప్పుడు లేదని కూడా గట్టిగా చెప్పగలిగాడు. ఈసారి ఊపిరి పదహారు దాటలేదు.

సఫూరా చెంచురామయ్య ఇంటినుంచి ఆదాం ఇంటికి వెళ్ళింది. తాళం వేసి ఉంది. పనికి పోయి ఉంటాడని పక్కింటివాళ్ళు చెప్పారు.

డాక్టర్ శిల్ప ఏదీ దాచలేదు. అదే సఫూరాకి మొదటి ఇబ్బంది. పన్నెండూ నలభైకి క్లినిక్‌లో అడుగుపెట్టేసరికి ఆవిడ ఇషాక్ ఫైలు తీసి బల్లమీద పెట్టుకునే ఉంది. నలభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, తాపీగా మాట్లాడుతుంది. ఊపిరి నిమిషానికి పధ్నాలుగు.

మందు ఇంకా పరీక్షల దశలో ఉందని ఆవిడే చెప్పింది. అనుమతి కాగితాలు, ఇషాక్ సంతకం చూపించింది. మెడలో రెండు పక్కలా, మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం చీలేచోట బియ్యపు గింజంత ముద్ద ఉంటుందని, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ప్రతి క్షణం రుచి చూసేది అదేనని వివరించింది. సఫూరాకి ల్యాబు రోజుల నుంచీ ఆ గింజ సంగతి తెలుసు. దానికి ఆ రుచి ఎలా తెలుస్తుందన్నది మాత్రం తెలియదు. అడిగింది.

ఆవిడ కళ్ళు మొదటిసారి వెలిగాయి. ఆ గింజలో రెండు ఎంజైములున్నాయి అంది. మొదటిది ఆక్సిజన్ ఉంటేనే పనిచేస్తుంది, పనిచేసినంతసేపూ రెండోదాని నోరు నొక్కి ఉంచుతుంది. ఆక్సిజన్ తగ్గగానే మొదటిదాని పట్టు సడలుతుంది. రెండోది లేచి కుళ్ళిన గుడ్డు వాసన వేసే వాయువుని తయారుచేస్తుంది. తయారయ్యేది అణువంతే, కానీ నరం ఉలిక్కిపడటానికి అది చాలు. అప్పుడే మనకి ఆయాసం వస్తుంది, గాలికోసం పరిగెడతాం. గురకపెట్టేవాళ్ళకి నిద్రలో ఊపిరి ఆగిన ప్రతిసారీ ఈ గింజ కేకలు పెట్టి, రాత్రంతా రక్తపోటు పెంచుతూ ఉంటుంది.

"నా మాత్ర ఆ రెండో ఎంజైముని పట్టి ఉంచుతుంది. కేకలు ఆగిపోతాయి. రక్తపోటు దిగుతుంది. వందలమందిని బతికించే మందండి ఇది."

"నిజంగానే గాలి లేనిచోట కూడా కేక వినపడదు కదా" అంది సఫూరా.

"అందుకే కొండలెక్కొద్దని కాగితంలో రాశాం."

"నైట్రోజన్ గదుల్లో పనిచేసే మనిషని కూడా ఆ కాగితంలోనే ఉంది."

"మీటరుంది. అది ఇరవై చూపించింది. ఇరవై శాతంలో ఎవరూ చావరు. అతను గుండె ఆగి పోయాడు."

హమాలీలు ఎందుకు రొప్పారని సఫూరా అడిగింది. ఒకడు భయపడితే రెండోవాడికి అంటుకుంటుందని జవాబొచ్చింది. పట్టీ ఏమైందని అడిగింది. పట్టీలు నిద్రలో పెట్టుకోవడానికే ఇస్తామని, తన దగ్గర లెక్క సరిగానే ఉందని చెప్పింది. అన్నీ సిద్ధంగా ఉన్న జవాబులే. సఫూరా లేచి నిలబడి, ఏదో పాత ల్యాబు మనిషి కుతూహలం అన్నట్టు ఇంకొక్కటి అడిగింది. ఈ మాత్ర వేసుకున్న మనిషి గాలి పలచబడిన చోట ఇరుక్కుంటే ఏమవుతుంది?

శిల్ప కిటికీ వైపు చూసింది. "మనం అనుకున్నదానికంటే గట్టివాడే. పదకొండు శాతంలో పంతొమ్మిది నిమిషాలు నిలబడ్డాడు" అంది. వెంటనే తల తిప్పి, "నిలబడగలడు" అని సర్దుకుంది.

సఫూరా బ్యాగు మళ్ళీ బల్లమీద పెట్టింది.

"పదకొండని నేను అనలేదు డాక్టర్ గారూ. పోలీసు రిపోర్టులోనూ లేదు."

"ఉదాహరణకి చెప్పాను."

సఫూరా ఆవిడ ఛాతీ వంక చూసింది. పధ్నాలుగు. ఒక్కటి కూడా పెరగలేదు. ఇన్నేళ్ళలో ఎందరో అబద్ధాలకోరుల్ని చూసింది గానీ, మనసులో ఏ తప్పూ చేసినట్టు అనిపించని మనిషిని చూడటం అదే మొదలు.

మూడున్నరకి గోడౌన్ దగ్గర దుర్గాప్రసాద్ జీపు ఆనుకుని ఉన్నాడు. తొంభై కిలోల మనిషి. నాలుగేళ్ళ కిందట సింగరాయకొండలో ఆయన ప్రమాదమని రాసిన కేసుని సఫూరా హత్యగా నిరూపించింది. ఆ దెబ్బకి ఆయనకి ప్రమోషన్ ఆగింది. మర్యాద తప్పకుండా పగ సాగించడం ఆయనకి బాగా వచ్చు.

"మేడమ్ గారి కోసం సీలు తీస్తున్నాను. ఈసారి కూడా గుండెపోటుకి కత్తి మొలిపిస్తారేమో చూద్దామని."

"మొలవకపోతే మీ రిపోర్టు కింద నేనే సంతకం పెడతాను సీఐ గారూ."

"రాసివ్వండి" అన్నాడు. రాసిచ్చింది.

శివరామకృష్ణ షెడ్డు నీడలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే మిర్చి ఘాటు తనకి పడదన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా మిర్చి అమ్ముతున్న మనిషి ఆ మాట అన్నాక చెమట తుడుచుకోవడం సఫూరా గమనించింది.

చనిపోయిన రోజు వేసిన సీలు చెక్కుచెదరలేదు. తలుపు పక్క మీటరు ఇరవై పాయింట్ ఆరు. ఆరు రోజులుగా నైట్రోజన్ వదిలే యంత్రం ఆపేసి ఉందని శివరామకృష్ణ చెప్పాడు. సఫూరా తన మీటరు తీసింది. చీరాలలో డ్రైనేజీ పనులు చేయించే కాంట్రాక్టరు దగ్గర అడిగి తెచ్చుకున్నది, అరచేతిలో పట్టేంత ఉంటుంది. గుమ్మంలో అదీ దాదాపు అంతే చూపించింది. మూడూ ముప్ఫై నాలుగుకి సఫూరా, దుర్గాప్రసాద్ లోపలికి నడిచారు.

అరవై అడుగుల గది. రెండు పక్కలా కప్పుదాకా బస్తాలు, మధ్యలో మనిషి పట్టే దారి. ఇరవై అడుగులు నడిచేసరికి చేతిలో మీటరు పదిహేడుకి దిగి కూయడం మొదలుపెట్టింది. దుర్గాప్రసాద్ దాన్ని చూసి, అరువు తెచ్చిన సామాను అలాగే అరుస్తుందన్నాడు. మూడూ ముప్ఫై ఆరుకి మీటరులో పధ్నాలుగు. సఫూరా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఆరు రోజులుగా ఆగిన యంత్రమైతే ఇక్కడ గాలి ఇలా ఉండదు. వెనక్కి పోదామనుకుంది. అప్పుడే టార్చి వెలుగులో చివరి బస్తాల వెనక సన్నటి ప్లాస్టిక్ గొట్టం కనిపించింది.

తలుపు పక్కనున్న మీటరుకి గది గాలిని అందించాల్సిన గొట్టం అది. దాని కొసని గోడలో బెజ్జం చేసి బయటికి తోసేశారు. చుట్టూ కొత్త సిమెంటు. అంటే ఆ మీటరు గది గాలిని కాదు, ఆరుబయటి గాలిని కొలుస్తోంది. లోపల పురుగు కూడా బతకలేని రోజున సైతం అది ఇరవై అనే చెబుతుంది.

"చూడండి" అంది రొప్పుతూ.

దుర్గాప్రసాద్ మోకాళ్ళమీద కూర్చుని గొట్టాన్ని వేలితో తట్టాడు. మొహం మీది వెటకారం మెల్లగా కరిగింది. ఎంతైనా పోలీసు. "దీన్ని నేను చూడలేదు" అని ఒప్పుకున్నాడు. తర్వాత ఆమె వంక చూసి, "ఏంటి మేడమ్, అంతలా ఆయాసపడుతున్నారు? వయసు మీద పడుతోందా?" అన్నాడు.

సఫూరా తన ఊపిరి లెక్కపెట్టుకుంది. ముప్ఫై రెండు. చేతిలో మీటరు పన్నెండు. ఆయన వంక చూసింది. అంత బరువైన మనిషి, అంత దూరం నడిచి, నేలమీద ఒంగి కూర్చుని కూడా పదిహేనే తీసుకుంటున్నాడు. టార్చి మొహం మీదికి తిప్పింది. పెదాలు నేరేడుపండ్లు తిన్నట్టు నల్లబడి ఉన్నాయి. ఆ పెదాలతోనే నవ్వుతున్నాడు.

"సీఐ గారూ, గురకకి మాత్రలేమైనా వాడుతున్నారా?"

"ఎవరు చెప్పారు మీకు? మా ఆవిడ పోరు పడలేక... రెండు నెలలైంది. బీపీ బాగా దిగింది." చొక్కా చేతి కింద నల్ల పట్టీ, దానిమీద ఆకుపచ్చ దీపం. "ఆవిడ మంచి డాక్టరు" అన్నాడు. తర్వాత ఇంకేదో చెప్పబోయాడు. మాట తడబడింది. తను తడబడ్డానని కూడా తెలియనట్టు అదే నవ్వుతో పక్కకి ఒరిగిపోయాడు.

ఆమె గట్టిగా పిలిచింది. షెడ్డు వైపునుంచి జవాబు రాలేదు. తొంభై కిలోల మనిషిని మోయడం ఆమె వల్ల కాదు. గోడకి బస్తాలు తోసే రెండు చక్రాల ట్రాలీ ఆనించి ఉంది. దాన్ని పడుకోబెట్టి, ఆయన్ని బెల్టు పట్టి దానిమీదికి దొర్లించింది. లాగుతుంటే కళ్ళముందు చీకట్లు కమ్మాయి. ఒకసారి మోకాళ్ళమీద పడింది. వెలుతురు కనిపించేవైపు పాకుతూ, లాగుతూ, మళ్ళీ లేచి లాగుతూ గుమ్మం దాటేసరికి మూడూ నలభై మూడు.

షెడ్డు కింద శివరామకృష్ణ లేడు. కారూ లేదు. గోడౌన్ వెనకనుంచి సన్నగా యంత్రం రొద వినిపిస్తోంది. వచ్చినప్పటినుంచీ వినిపిస్తూనే ఉంది. పక్క కోల్డ్ స్టోరేజీది అనుకుంది ఇంతసేపూ.

దుర్గాప్రసాద్ రెండు నిమిషాలకి కళ్ళు తెరిచాడు. ఆయన అన్న మొదటి మాట, నాకేమీ అనిపించలేదే అని. ఇషాక్‌కీ అనిపించలేదు అని ఆమె చెప్పింది. ఊపిరి అందుకున్నంత మేర మిగతాదీ చెప్పింది. మాత్ర వేసుకున్న మనిషి ఒకడు, వేసుకోనివాళ్ళు ఇద్దరు. ముగ్గుర్నీ ఒకే గాలిలో పెట్టి ఎవరెంతసేపు నిలబడతారో చూశారు. ఇషాక్ మీద ఎవరికీ పగ లేదు. అతన్ని చంపాలని కూడా అనుకుని ఉండరు. ఏ అనుమతి కాగితమూ చేయనివ్వని పరీక్ష ఒకటి చేశారు, అంతే. ఇవాళ మాత్ర వేసుకున్నది ఆయన, వేసుకోనిది తను.

ఆయన ఫోన్ మోగింది. తెరమీద డాక్టర్ శిల్ప పేరు. సఫూరా సైగ చేస్తే స్పీకరు నొక్కాడు.

"సార్, కొంచెం తల తిరుగుతోందా?" గొంతు మధ్యాహ్నం ఉన్నంత తాపీగానే ఉంది. ఆయన ఇంకా ఒక్కమాట కూడా మాట్లాడలేదు. "రక్తంలో ఆక్సిజన్ అరవై ఎనిమిది దాకా దిగి ఇప్పుడే తొంభై మూడుకి వచ్చింది. భయం లేదు. కాసేపు కూర్చోండి. సాయంత్రం మాత్ర మాత్రం మానకండి."

దుర్గాప్రసాద్ మణికట్టుకేసి చూసుకున్నాడు. పట్టీ విప్పేశాడు. "ఎక్కడున్నారు మీరు?" అన్నాడు.

ఆవిడ మాట మార్చింది. "సఫూరా గారు పక్కనే ఉండుంటారు. ల్యాబులో పనిచేసిన మనిషి, ఆవిడకి అర్థమవుతుంది. ఒక మనిషినీ ఇంకో మనిషినీ పోల్చి చూస్తే ఎవరూ నమ్మరండి. వయసు తేడా, బరువు తేడా అంటారు. ఒకే మనిషిని మందు లేకుండా ఒకసారి, మందుతో ఒకసారి చూస్తేనే లెక్క నిలుస్తుంది." ఫోన్ కట్టయింది.

దుర్గాప్రసాద్‌కి అర్థం కాలేదు. సఫూరాకి అయింది. తను కాక, మందు లేకుండా ఒకసారి పరీక్ష అయిపోయినవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఒకరిని పొద్దున ఇంట్లో చూసి వచ్చింది. రెండోవాడి ఇంటికి తాళం ఉంది.

ఆదాం ఈ వారంలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడేమో తెలుసా అని ఆయన్ని అడిగింది. వాంతులైన నాటినుంచీ వెళ్తున్నాడని, మాత్రలేవో ఇచ్చిందని తన కానిస్టేబుల్ చెప్పినట్టు గుర్తుందన్నాడు. ఆ మాట పూర్తవకముందే ఆమె లేచింది.

రెండో నంబరు గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఖాళీ. ఒకటో నంబరుది మూసి ఉంది, బయట గడియ పెట్టి ఉంది. పక్కన మీటరు ఇరవై పాయింట్ ఆరు చూపిస్తోంది. గుమ్మం ముందు ఎర్రటి దుమ్ములో ఒక జత రబ్బరు చెప్పులున్నాయి. అడుగుల గుర్తులు లోపలివైపుకే ఉన్నాయి.

"మీరు రావద్దు. 108కి చెప్పండి, యంత్రం ఆపించండి" అని దుర్గాప్రసాద్‌తో అంది. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, బిగబట్టి, గడియ లాగింది.